బాగుచేసిన బండికి చోటెక్కడ?

ధ్యానభాగములు: గలతీ. 6:1, ఫిలేమోను 10–18, 2 తిమోతి 4:11



చిరకాలము మూలబడియున్న పాత మోటారుకారు నొకదానిని ఎవరో వెలికితీసి, తుప్పు గీకించి, ఇంజను విప్పించి, మరల నడుచునట్లు చేసిరనుకొందము. పని ముగిసిన తరువాత ఆ కారు ఎక్కడ నుండవలెను? అద్దాల గదిలోనా, రోడ్డు మీదనా? ఇది ధనవంతుల వినోదమునకు చెందిన ప్రశ్నగా కనబడవచ్చును. వానకాలములో ట్రాక్టరు సైతము దిగబడు త్రోవలు గల ఈ పినపాక అడవి అంచున నివసించు మనకు విదేశపు వేగపు కారులతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. అయినను ఈ ప్రశ్నలో మన సంఘములను గూర్చిన ప్రశ్న యొకటి దాగియున్నది. తప్పిపోయి తిరిగివచ్చిన మనుష్యుని మనము క్షమించితిమి. మంచిదే. ఆ తరువాత అతనిని ఎక్కడ ఉంచుచున్నాము?

ముందుగా కారు సంగతి చూతము. స్పోర్ట్సు కారు అనగా సాధారణముగా ఇద్దరికి మాత్రమే చోటుండి, నేలకు దగ్గరగా, తేలికగా, చురుకుగా పరుగెత్తునట్లు కట్టబడిన బండి. ఇంగ్లాండులో ట్రయంఫ్ సంస్థవారు 1962 మొదలు 1980 వరకు చేసిన స్పిట్‌ఫైర్ అట్టిది. దాని చట్రము మన దేశమునకు బొత్తిగా పరాయిది కాదు. ట్రయంఫ్ హెరాల్డ్ అను ఇంటికారు చట్రమునే పొట్టిచేసి స్పిట్‌ఫైర్‌ను కట్టిరి. ఆ హెరాల్డునే మద్రాసులోని స్టాండర్డ్ సంస్థవారు 1961 నుండి కొన్ని సంవత్సరములు స్టాండర్డ్ హెరాల్డ్ అను పేరున తయారుచేసిరి. కాబట్టి హెరాల్డును విప్పి బిగించిన మేస్త్రీకి స్పిట్‌ఫైర్ ఎముకలగూడు చాలవరకు తెలిసినదే.

మన తెలుగు నేలమీద పేరుపొందిన పాతకారు మరియొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను రోల్స్‌రాయిస్ కారు నొకదానిని ఇంగ్లాండులో చేయింప నుత్తరువిచ్చెను. అది చేతికందకముందే 1911లో ఆయన మరణించెను. 1912 నాటి ఆ పసుపుపచ్చని సిల్వర్ ఘోస్టు కారు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కొలువునకు చేరెను. అందులో వెనుకభాగమున సింహాసనమువంటి ఆసనము కలదు. చాలకాలము మూలబడిన పిమ్మట దానిని బాగుచేయించి, హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసులో ప్రజలు చూచునట్లు ఉంచిరి. అది కొలువు బండి. పదుగురి కన్నులయెదుట వైభవము చూపుటకే కట్టబడినది గనుక, చూపుచోట నిలుచుట దానికి తగియున్నది. స్పోర్ట్సు కారు అట్టిది కాదు. అది పరుగెత్తుటకు కట్టబడినది. దానికి రంగువేసి, మెరుగుపెట్టి, తాడు కట్టి నిలిపినయెడల దానిని సగమే బాగుచేసినట్లు. ఒక వస్తువు బాగుపడినదా లేదా అని తెలిసికొనవలెనన్న, అది దేనికొరకు చేయబడెనో ముందు అడుగవలెను.

పాత కారునుగూర్చి తెలిసికొనవలసిన మరియొక సంగతి యిది: ఏండ్ల తరబడి విడువబడిన బండిలో, నడచుటచేత అరిగినదానికంటె నిలిచిపోవుటచేత చెడినది తరచుగా ఎక్కువ. పెట్రోలు చెడి ట్యాంకులోను కార్బురేటరులోను జిగురువలె పట్టును. సిలిండరు గోడలమీది నూనె పొర జారిపోగా తేమ తగిలి, పిస్టను రింగులు తుప్పుతో గోడకు అతుకుకొనును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చి లోపలి ఇనుమును తినివేయును. రబ్బరు బీటలువారును. ఎలుకలు కరెంటు తీగెల తొడుగును కొరికివేయును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలు పడు మన గోదావరి తీరమున, పాకలో నిలిపిన ఇనుపవస్తువు గతి యేమగునో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుడు దానిని భద్రముగా దాచితినని యెంచెను (మత్తయి 25). వాడకుండ దాచుట కూడ ఒక విధమైన నాశనమేయని ప్రభువు ఆ ఉపమానములో చూపెను.

అట్టి కారు మరల నడుచుటకు వరుసగా కొన్ని పనులు జరుగవలెను. ఆ వరుసలో మనకు బోధ కలదు.

మొదటిది, పరీక్ష. పాకలోనుండి లాగిన వెంటనే బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పవలెనని ఎవరికైనను ఆశ కలుగును. తెలిసిన మేస్త్రీ అట్లు చేయడు. బిగిసిన ఇంజనును బలవంతముగా త్రిప్పినయెడల రింగులు విరుగును, సిలిండరు గోడలు గీరుకొనిపోవును. అతడు ముందు చుట్టు తిరిగి చూచును, క్రిందికి దూరి చట్రమును సుత్తితో తట్టి చూచును. ఎక్కడ ఇనుము మ్రోగునో, ఎక్కడ పుట్టీ మూగగా పలుకునో అతని చెవికి తెలియును. నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి మూడు దినములుండి, కొద్దిమందితో రాత్రివేళ లేచి పడిన గోడలను కాలిన గుమ్మములను చూచి వచ్చిన తరువాతనే కట్టుదము రండని జనులతో చెప్పెను (నెహెమ్యా 2). విరిగినదానిని చూడ భయపడువాడు దానిని బాగుచేయలేడు. సంఘములో ఒకడు పడిపోయినప్పుడు, ఏమియు జరుగనట్లు నటించుట ప్రేమ కాదు. ఏమి జరిగెనో, ఎవరికి నష్టము కలిగెనో, అతనిలో ఏది ఇంకను గట్టిగా నున్నదో నిదానముగా తెలిసికొనుట ప్రేమకు మొదటి పని. నెహెమ్యా ఆ పరీక్ష రాత్రివేళ నిశ్శబ్దముగా చేసెననుట కూడ గమనింపుడి. ఊరంతటికి చాటించి చేయు విచారణ పడినవానిని లేపుటకు అరుదుగా ఉపయోగపడును.

రెండవది, ఓపిక. బిగిసిన ఇంజనుకు మందు బలము కాదు. ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, దినములకొలది ఊరనిత్తురు. తరువాత చేతితోనే కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు కదల్చి చూతురు. కదలనియెడల మరల నూనె పోసి మరల కనిపెట్టుదురు. తప్పిదములో చిక్కుకొనినవానిని సరిచేయు పనిని పౌలు గలతీ సంఘమునకు అప్పగించినప్పుడు సాత్వికముతో చేయుడని చెప్పి, చేయువాడు తన్నుతాను కూడ కనిపెట్టుకొనవలెనని హెచ్చరించెను. అక్కడ సరిచేయుటకు వాడబడిన గ్రీకు క్రియయే, యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచుండిరని చెప్పుచోట సువార్తలలో వాడబడినది (మార్కు 1:19). వల బాగుచేయువాని చేతులను మనలో చాలమంది గోదావరి యొడ్డున చూచియున్నాము. అతడు తెగిన పోగును తిట్టడు, లాగి ఇంకను చింపడు. ముడివెంట ముడి వేయును. మరునాటి వేటకు వల కావలెనని వేయును. గోడకు తగిలించుటకు ఎవడును వల బాగుచేయడు.

మూడవది, బ్రేకులు. బండి కదలకముందే ఆగగలిగియుండవలెను. తెలిసిన మేస్త్రీ ఇంజను గర్జన విని సంతోషింపడు. చక్రములకు బ్రేకులు క్రొత్తగా చేయించి, పాత గొట్టములు రబ్బరులు తీసివేసి, ఏండ్లు గడచిన టైర్లను మార్చి, అటుతరువాతనే బండిని ఆవరణ దాటనిచ్చును. టైరు గాడులు లోతుగా కనబడినను రబ్బరు చచ్చియుండవచ్చును. పైచూపు సాక్ష్యము చాలదు. రంగు విషయము కూడ ఇట్టిదే. తుప్పుపట్టిన రేకుమీద పుట్టీ మెత్తి రంగు కొట్టిన బండి కొన్నాళ్లు క్రొత్తదానివలె మెరయును. రెండు వానకాలములు గడచునప్పటికి రంగు పొంగి పొరలుగా ఊడును. వెలుపల సున్నము కొట్టబడి లోపల కుళ్లుతో నిండిన సమాధులనుగూర్చి ప్రభువు పలికిన కఠినమైన మాట ఇటువంటి మరమ్మత్తునకు కూడ తగులును (మత్తయి 23:27). కాబట్టి క్షమింపబడినవానిని పరీక్షలేకయే వెంటనే పెద్ద బాధ్యతలో నిలుపుట అతనికిని సంఘమునకును మేలు కాదు. పరిచారకులు మొదట పరీక్షింపబడి తరువాత పరిచర్య చేయవలెనని అపొస్తలుడు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 3:10). పరీక్షించుట అనుమానించుట కాదు. మరల దారినెక్కించు ఉద్దేశముతో చేయునది పరీక్ష. ఎన్నటికిని ఎక్కింపకుండుటకు చెప్పు సాకు అనుమానము.

ఇచ్చట తత్త్వజ్ఞానులు చిరకాలముగా అడుగు ప్రశ్న యొకటి ఎదురగును. ఏథెన్సువారు థీసియస్ అను వీరుని ఓడను కాపాడుచు, పుచ్చిన పలకకు బదులు క్రొత్త పలక వేయుచుండిరనియు, చివరకు అది ఆ పాత ఓడయేనా కాదా అని జ్ఞానులు వాదించిరనియు ప్లూటార్కు వ్రాసెను. కారు విషయములోను ఇదే వాదము. రేకులు మార్చి, తీగెలు మార్చి, పిస్టనులు మార్చి, సీట్లు మార్చిన తరువాత ఇది ఆ కారేనా? మనుష్యుని విషయములో సువార్త దీనికి సూటిగా జవాబిచ్చుచున్నది. పుట్టుగ్రుడ్డివాడు చూపుపొంది వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు ఇద్దరు పక్షములైరి. వీడే అని కొందరు, వీనిని పోలినవాడని కొందరు. వాడైతే నేనేయని చెప్పెను (యోహాను 9:8, 9). బిచ్చమెత్తినప్పుడు కనికరముతో చూచినవారే చూపువచ్చిన తరువాత గుర్తుపట్టలేకపోయిరి. వారి మనస్సులో అతనికున్న చోటు గ్రుడ్డివాని చోటు మాత్రమే. మనలోను ఈ గుణమున్నది. తాగుడు మానిన సహోదరుని ఇంకను తాగుబోతు ఫలానావాడనియే పిలుతుము. దేవుడు అతని పేరు చెరుపలేదు, అతని పాత జీవితమును తుడిచివేసి వేరొకని సృజింపలేదు. అతనినే బాగుచేసెను. నేనేయని అతడు చెప్పుకొను హక్కును మనము తీసివేయరాదు.

ఖర్చునుగూర్చిన ఆక్షేపణ కూడ వినదగినదే. పాత కారును బాగుచేయుటకు అయ్యెడి ధనము, అమ్మినప్పుడు వచ్చు ధరను తరచుగా మించును. బీదలు ఆకలిగొనుచుండగా తుప్పుపట్టిన బండిమీద లక్షలు పోయుట న్యాయమా? కూలివాని జీతము బిగబట్టియో, పొరుగువాని కష్టమునకు కన్నుమూసికొనియో చేయు ఏ సొగసైన పనియు దేవుని యెదుట నిలువదని యాకోబు పత్రిక 5వ అధ్యాయము స్పష్టముగా బోధించుచున్నది. అయితే మరమ్మత్తు అనునది స్వతహాగా వ్యర్థము కాదు. అందులో మేస్త్రీకి, రేకుపనివానికి, రంగువానికి కూలి దొరకును. పారవేయుటే నాగరికతయని యెంచు ఈ కాలములో, ఒకరి చేతిపనిని గౌరవించు గుణము నిలుచును. యోషీయా దినములలో మందిరమును బాగుచేయు వడ్రంగులును శిల్పకారులును నమ్మకస్థులైనందున వారి చేతికిచ్చిన ద్రవ్యమునకు లెక్క అడుగలేదని వ్రాయబడినది (2 రాజులు 22:7). అట్టి మరమ్మత్తు ఆరాధనలో భాగమే.

కాని ఒక భేదమును మరువరాదు. కారు లెక్క కుదరనియెడల దానిని పాత ఇనుముకు అమ్మవచ్చును. అందులో పాపములేదు. మనుష్యుని విషయములో ఆ లెక్క వేయుటకు మనకు అధికారము లేదు. తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానికొరకు వెళ్లిన కాపరి లాభనష్టముల పట్టికను చూచి బయలుదేరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. మన సంఘములలో క్షమాపణ కొదువగా నున్నదని మేము తలంచుట లేదు. నాలుగేండ్లు గుడి మెట్లు ఎక్కని సహోదరుడు క్రిస్మసునాడు వచ్చినయెడల మనము చేయి కలుపుదుము, కన్నీరు పెట్టుకొందుము, సాక్ష్యము చెప్పుమందుము. ఆ సాక్ష్యము విని చప్పట్లు కొట్టుదుము. తరువాతి ఆదివారము అతడు మరల వచ్చును. ఏ పనియు లేదు. చాపలు పరచుటకు వేరొకరు ఉన్నారు, దీపము చూచుటకు వేరొకరు ఉన్నారు, రోగుల యిండ్లకు వెళ్లుటకు అతనిని పిలువరు. ఏడాదికొకసారి పండుగనాడు సాక్ష్యమునకు మాత్రము పిలుతురు. ఇది అద్దాల గది. మెరుగుపెట్టి, తాడు కట్టి, ముట్టరాదని వ్రాసి నిలిపిన బండి వలె అతడు అక్కడ నిలుచును. నిలిచిన బండికి ఏమగునో పైన చెప్పియుంటిమి. కొంతకాలమునకు అతడు మరల రాకుండపోవును. అప్పుడు మనము, చూచితిరా, ముందే అనుకొంటిమి అందుము. అతనిని రెండవసారి చెడగొట్టినది పని లేమియని మనకు తోచదు.

క్రీస్తు పేతురును అట్లు చేయలేదు. మూడుమారులు ఎరుగనన్నవానిని మూడుమారులు ప్రేమనుగూర్చి అడిగి, అడిగిన ప్రతిసారి తన గొఱ్ఱెల పని అప్పగించెను (యోహాను 21). ప్రశ్న బాధ కలిగించెను, నిజమే. ఆ బాధతోకూడ పని వచ్చెను. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికను చదువుడి. ఒనేసిము అను పేరునకు ప్రయోజనకరుడని అర్థము. ఒకప్పుడు పనికిరానివాడైన ఆ దాసుడు ఇప్పుడు ఇద్దరికిని పనికివచ్చువాడని పౌలు అతని పేరుతోనే చమత్కరించి, అతడు అచ్చియున్న దేదైన ఉన్నయెడల తన లెక్కలో వేయుమనెను. జామీను ఉండని ప్రేమ చవకయైనది. మార్కు సంగతి ఇంకను ఆలోచింపదగినది. పంఫూలియలో పనిని విడిచిపోయిన అతనిని మరల వెంటబెట్టుకొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. దానివలన బర్నబాకును పౌలునకును తీవ్రమైన వాదము కలిగి వారు వేరైరి (అపొ. కార్య. 15). బర్నబా మార్కును ఊరకుంచక కుప్రకు తీసికొనిపోయెను. సంవత్సరములు గడచిన తరువాత చెరసాలలోనున్న పౌలు, మార్కు పరిచర్యలో తనకు పనికివచ్చునని చెప్పి అతనిని వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాసెను. బర్నబా దారిమీద నడిపింపకుండినయెడల పౌలు ఆ మాట వ్రాసియుండునా?

అయితే దొంగిలినవానికి వెంటనే కానుక పెట్టె తాళము ఇయ్యవలెనా? గాయపడినవారిని అణచి వారియెదుట అతనిని పెద్దచేయవలెనా? కానేకాదు. హాని పొందినవారి భద్రతయే మొదటి బ్రేకు. వారి కాలమును వారికియ్యవలెను. ముఖ్యముగా పిల్లలకు కీడుచేసినవానిని పిల్లల పరిచర్యకు ఎన్నటికిని దూరముగా ఉంచవలెను. కొన్ని పనులు కొందరికి మరల రావు. అంతమాత్రమున ఏ పనియు రాదనుట సరికాదు.

మన గోదావరి యొడ్డుననే దీనికి సాక్ష్యమున్నది. మనకు దిగువనున్న దుమ్ముగూడెమువద్ద, నది ఎగువకు పడవలు నడుపవలెనని 19వ శతాబ్దములో ఇంజనీర్లు ఆనకట్టయు కాలువయు లాకులును కట్టించిరి. ఆ పనిలోనుండిన హేగ్ దొరగారి ప్రార్థనవలనను ప్రయాసవలనను, 1860ల ఆరంభమున కోయ సహోదరుల మధ్య దుమ్ముగూడెము మిషను పని మొదలయ్యెను. 1871లో పడవల పథకమును విడిచిపెట్టిరి. ఏ పనికొరకు కట్టిరో ఆ పని ఆగిపోయెను గాని ఆనకట్ట నిలిచెను. దాని యెగువన నిలుచు నీటినే పైకి తోడి పొలములకు పంపుటకు మన కాలములో సీతారామ ఎత్తిపోతల పథకము ఏర్పాటైనది. పడవలకని నిలిపిన నీరు పైరుకు పారవచ్చును. పూర్వపు పీఠము తిరిగి రానివానికి కూడ దేవుని పొలములో నీరుపెట్టు పని దొరకును. అతనికి తగిన పని యేదో వెదకు శ్రమ సంఘముది.

కొరింథులో శిక్షపొందిన ఒకనినిగూర్చి పౌలు, అతనికి కలిగిన శిక్ష చాలుననియు, అధిక దుఃఖములో అతడు మునిగిపోకుండునట్లు ఇక క్షమించి ఆదరించి ప్రేమను స్థిరపరచుడనియు బ్రతిమాలెను (2 కొరింథీ. 2:6–8). స్థిరపరచుట అను మాటను గమనింపుడి. పెదవులతో చెప్పిన ప్రేమ పని అప్పగించుటవలన స్థిరపడును.

కనుక ఈ మాసములో ప్రతి సంఘపు పెద్దలును, స్త్రీల సమాజమువారును కూడినప్పుడు, తిరిగివచ్చియు ఇంకను పనిలేక వెనుకచాపమీద కూర్చుండు ఒక్కరి పేరు ప్రార్థనలో తలంచుదురుగాక. ప్రార్థన ముగిసిన తరువాత లేచిపోక, అతనికి లేక ఆమెకు ఈ వారము ఏ చిన్నపని ఇయ్యగలమో, ఎవరు తోడుగా నడచెదరో నిర్ణయించుదురుగాక. బాగుచేసిన బండి మొదటి రోజుననే వంద మైళ్లు పోనక్కరలేదు. మెల్లగా, దగ్గరి ఊరివరకు, తెలిసినవాడు ప్రక్కన కూర్చుండగా పోయిరావచ్చును. మనలను కూడ తుప్పులోనుండి తీసి తన పనిలో పెట్టిన ప్రభువు, ఆ ప్రయాణములో మీకు తోడైయుండునుగాక. ఆమేన్.